నేలకు నాలుగు వేళ్ల ఎత్తున

ఆ రోజుల్లో మా జహీరాబాద్‌లో బండి గొప్పతనాన్ని ఎత్తుతో కొలిచేవాళ్లం. ఎక్కడానికి ఎంత అవస్థ పడితే అది అంత గొప్ప బండి. ట్రాక్టర్లు తయారయ్యే ఊరు కదా, చక్రమంటే మనిషి భుజం దాకా రావాలనీ, డ్రైవరు అన్నవాడు చెరుకు తోట మీదుగా అవతలి ఊరు చూడగలగాలనీ మా అందరి అభిప్రాయం. అలాంటి ఊళ్లో పుట్టి, నేలను రాసుకుంటూ పోయే కార్ల మీద మనసు పారేసుకున్న ఆడపిల్లను బహుశా నేనొక్కదాన్నే. ఎందుకు పారేసుకున్నానో ఇప్పటికీ చెప్పలేను. సాయంత్రం పూట డాబా మీద ఆరిన బట్టలు తీస్తుంటే, ముంబై రోడ్డు మీద లారీల గుర్రు మధ్యలో ఎప్పుడో ఒకసారి సన్నగా, పొడుగ్గా ఒక కూత వినపడేది. ఎవరో డబ్బున్నవాళ్ల కారు. ఏ రంగుదో, ఎవరిదో కనపడేది కాదు. ఆ కూత సన్నగిల్లి మాయమయ్యేదాకా నేను బాపు లుంగీనో, అమ్మ చీరనో గుండెకు హత్తుకుని అలాగే నిలబడిపోయేదాన్ని. కింద నుంచి అమ్మ "ఏమైంది పొల్లా, బట్టలు తీస్తున్నవా, నేస్తున్నవా?" అని అరిస్తే గాని ఈ లోకంలోకి వచ్చేదాన్ని కాదు.

అలా కలలు కంటూ కంటూనే ఆటోమొబైల్ డిప్లొమా పూర్తి చేశాను. (మా క్లాసులో ఆడపిల్లను నేనొక్కదాన్నే కావడంతో, స్పానర్ కింద పడినా సరే ముందు నా వైపే చూసేవారు.) పాసైన కొన్నాళ్లకే ఊరి బయటి ట్రాక్టర్ల వర్క్‌షాపులో ఉద్యోగం వచ్చింది. రిపేరైన బండ్లను రోడ్డు మీదికి తీసుకెళ్లి, నడిపి చూసి, బాగుందో లేదో చెప్పే పని. నాకు స్వర్గం దొరికినట్టయింది. బాపు మాత్రం ఒప్పుకోలేదు. కాదని అరవడం, కోప్పడడం ఆయన పద్ధతి కాదు. "చూద్దాం బిడ్డా" అనేవారు. మా ఇంట్లో "చూద్దాం" అంటే తలుపు సగం మూసేసినట్టే లెక్క. ఆయనకు అల్లం చేను ఉంది, చెరుకు ఉంది, పాత ట్రాక్టర్ ఉంది, ఆ ట్రాక్టర్ పుణ్యమా అని దక్కిన నడుం నొప్పి ఉంది. "చదువుకున్నవు, మంచిదే. గని బండి నడుపుడు ఏరే. అది చేతులకు తెలువాలె, పుస్తకానికి తెలిస్తే సాలదు" అనేవారు. దసరా తరువాత వచ్చి చేరమని వర్క్‌షాపువాళ్లు గడువు పెట్టారు. దసరా దగ్గర పడుతున్నకొద్దీ బాపు "చూద్దాం" మరీ మెత్తబడుతూ వచ్చింది. అది మంచి గుర్తు కాదని నాకు తెలుసు.

అప్పుడు దిగాడు మా మామ.

మామ అంటే అమ్మకు తమ్ముడు. మా వైపు అల్లం కొని పుణె మార్కెట్‌కు పంపే వ్యాపారం ఆయనది. మనిషి సగం పుణెలో, సగం ఇక్కడ ఉండేవాడు. మనసు మాత్రం ఎప్పుడూ ఈ రెండింటికీ నడుమ రోడ్డు మీదే ఉండేది. ఆ ఏడు ఆయన ఎవరి దగ్గరో ఒక పాత విదేశీ కారు కొన్నాడు. ఇద్దరే కూర్చునే కారు, గచ్చకాయ రంగు, చాప పరిచినంత ఎత్తు. (కొన్న రోజు నుంచీ మా అత్త ఆయనతో మాట్లాడడం మానేసింది. ఏదైనా చెప్పాలంటే గోడకు చెప్పేది.) దసరాకు ముందు రోజు మధ్యాహ్నం ఆ కారు మా గల్లీలోకి వచ్చిన తీరు ఇంకా నా కళ్ల ముందే ఉంది. గల్లీ మొదట్లో స్పీడ్ బ్రేకర్ ఉంది. కారు దాని ముందు ఆగింది. మామ దిగాడు, మోకాళ్ల మీద కూర్చున్నాడు, తల నేలకు ఆనించి కారు మూతి కిందికి చూశాడు, నాలుగు వేళ్లు కలిపి ఆ సందులో పెట్టాడు, లేచి కారెక్కి, ఏటవాలుగా తిప్పి, ఒక్కో చక్రాన్నీ విడివిడిగా దాటించాడు. తరువాతి స్పీడ్ బ్రేకర్ దగ్గర మళ్లీ అదే తంతు. మూడో ఇంటి ముసలాయన అరుగు మీద నుంచి చూసి, "మొక్కున్నట్టున్నది పాపం, ఊరంత మొక్కుకుంట వస్తున్నడు" అన్నాడు.

బాపు ట్రాక్టర్ కడుగుతున్నవారల్లా గొట్టం పక్కన పడేసి వచ్చి, కారు చుట్టూ ఒకసారి తిరిగారు. కారును చూడడానికి ఆయన వంగాల్సి వచ్చింది. నడుం నొప్పి మనిషికి అది మర్యాద తక్కువగా అనిపించి ఉంటుంది. మూతి కింద, కుడి మూలన, పలుచని రేకుల గూడులాంటిది ఒకటి వేలాడుతోంది. ముందున్న యజమాని పందేలలో నడపడానికి దాన్ని ప్రత్యేకంగా బిగించుకున్నాడట.

"గిదేంది బామ్మర్దీ?"

"ఆయిల్ కూలర్ బావా. ఇంజన్ల ఆయిల్ కాగుతది గద, గీ సన్నటి గొట్టాలల్లకెళ్లి తిరిగి సల్లబడి మల్ల లోపలికి పోతది. గాలి తగలాలె అని ముందట పెట్టిన్రు."

బాపు ఒక వేలితో ఆ రేకును తాకి చూశారు. అది అప్పడంలా కొంచెం వంగింది. "గింత మెత్తటిదాన్ని తీస్కపోయి కాళ్ల కాడ కట్టిన్రా? పైన లేదా గాలి?"

మామ వంగిన రేకును వేలితో సరిచేశాడు. డిప్లొమా చదివిన నాకూ తెలిసిన కారణం ఒక్కటే. కారు అందంగా ఉండాలంటే మూతి కిందికి దిగాలి, మూతి దిగితే దానిలోపలి సామానూ దిగాలి, అంతే. అందం కోసం కడుపును నేలకు ఆనించి పాకే ప్రాణి అది. నాకు మాత్రం దాని మీద జాలితో పాటు ప్రేమ కూడా పెరిగిపోయింది. ఆ రాకుమారుడికి ఎక్కడ దెబ్బ తగిలితే పోతాడో అందరికీ కనపడేలా పెట్టారే అనిపించింది.

నేను డిప్లొమా పాసైతే ఈ కారు నాతో నడిపిస్తానని మామ మాటిచ్చి ఉన్నాడు. ఆ సంగతి ఆయన అన్నం తింటూ గుర్తు చేసేసరికి, బాపు చెయ్యి కడుక్కుంటూ అన్నారు: "రేపు పూజైనంక మనమందరం జమ్మి కాడికి మన ఊరికి పోతం గద. బిడ్డ ఆ కారు తీస్కొని ఊరి దాక సక్కగ తెస్తె, అప్పుడు కొలువు ముచ్చట మాట్లాడుదం." మా సొంతూరు రాయికోడ్ వైపు. దారంతా చెరుకు తోటలే. అంటే నా ఉద్యోగమంతా ఆ రోడ్డు మీద ఆధారపడి ఉందన్నమాట. నాకు అన్నం సహించలేదు. అమ్మ అది భయం అనుకుంది. కాదు, ఆ స్టీరింగ్ నా చేతుల్లో ఎలా ఉంటుందో ఊహించుకుంటుంటే పెరుగన్నంలో చెయ్యి ఆడక ఆగిపోయింది.

దసరా పొద్దున మా జహీరాబాద్ చూడాల్సిందే. ప్రతి గడప ముందూ ఏదో ఒక బండి స్నానం చేసి, బంతిపూల దండ వేసుకుని, పెళ్లికొడుకులా నిలబడి ఉంటుంది. గల్లీ నిండా కుంకుమ నీళ్లు, గుమ్మడికాయ ముక్కలు, అగరుబత్తి పొగ. మా ఇంట్లో బండి పూజలు చేసేది మా పెద్దమ్మ. అమ్మకు అక్క, మామకు పెద్దక్క. మాట ఎంత గట్టిదో చెయ్యి అంతకన్నా గట్టిది. బొట్లు పెట్టి, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి, హారతి ఇచ్చి, ఆ తరువాత కొబ్బరికాయ అందుకుంటే చుట్టుపక్కలవాళ్లు రెండడుగులు వెనక్కి జరిగేవారు. పైగా పెద్దమ్మకు ఒక నియమం ఉండేది. దిష్టి తీసిన కాయను మనిషి చేత్తో ముట్టుకోకూడదు, బండే దాని మీదుగా పోవాలి. మా ట్రాక్టర్లన్నీ ఏటా అలాగే పోయేవి. అంతెత్తు బండి కింద కొబ్బరిచిప్ప ఎంత, దాని లెక్క ఎంత? చక్రం కిందికి రానిదేదీ బండికి తగలదన్నది మా ట్రాక్టర్ల ఊరివాళ్ల నమ్మకం. ఆ నమ్మకం మాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉంది. చదువు దాన్ని కదపలేదు.

మధ్యాహ్నం దాటాక ముందు ట్రాక్టర్‌కు పూజైంది. తరువాత కారుకు. నేను కొత్త లంగావోణీ సర్దుకుంటూ ఆ సీట్లోకి దిగాను. (అందులోకి ఎక్కడం ఉండదు, దిగడమే. బావిలోకి దిగినట్టు దిగాలి.) ఒక్కసారిగా లోకం మారిపోయింది. గల్లీలోని మనుషులందరూ ఆకాశంలోకి పెరిగిపోయారు. అందరి మోకాళ్లు నా కళ్ల ముందు, వాళ్ల తలలు ఎక్కడో బంతిపూల తోరణాల దగ్గర. మామ పక్క సీట్లో కూర్చుని, "జర పైలం బిడ్డా, క్లచ్చు మెల్లగ ఇడువు" అన్నాడు. పెద్దమ్మ కొబ్బరికాయను కారు చుట్టూ మూడు సార్లు తిప్పి నేలకేసి కొట్టింది. అది సరిసమానంగా పగలలేదు. ఒక పెచ్చు చిన్నది, ఒకటి పెద్దది, ఆ పెద్దదానికి ఒకవైపు సూదిలా కొస తేలి ఉంది. అది ముచ్చటగా వెల్లకిలా పడి, కారు ముందు కుడి మూలన, ఆ కొస పైకి పెట్టుకుని కూర్చుంది. ఆ వెంటనే గుమ్మడికాయ పగిలింది. కుంకుమ నీళ్లు నా కళ్ల ఎదురుగా ఎర్రగా ఎగిసి పడ్డాయి. నేను క్లచ్ వదిలాను. నిమ్మకాయలు నాలుగూ చిట్లాయి. ఆ తరువాత కారు మూతి కింద నుంచి "కర్ర్" మని ఒక చప్పుడు వచ్చింది.

"ఇరిగింది దిష్టి!" అని పెద్దమ్మ అరిచింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను. కుంకుమ నీళ్లూ, కొబ్బరి నీళ్లూ, పసుపూ కలిసి పారుతున్న ఆ గల్లీలో నల్లగా నాలుగు చుక్కలు రాలితే ఎవరి కంట పడతాయి? చిప్ప కొస వెళ్లి ఆయిల్ కూలర్‌లో గుచ్చుకుని, సీసాకు బిరడా పెట్టినట్టు అక్కడే బిగుసుకుపోయిందని మాకు ఆ తరువాత గాని తెలియలేదు. దండ వేసుకున్న కారు, కడుపులో కొబ్బరిచిప్పతో, నా చేతుల మీదుగా రాయికోడ్ రోడ్డు పట్టింది. మా వెనకాల ట్రాలీలో అమ్మ, పెద్దమ్మ, మా అత్త, పులిహోర గిన్నె, జమ్మి పూజ సామానుతో బాపు ట్రాక్టర్.

ఆ కాసేపటి గురించి ఏం చెప్పను? నేను ఎన్నో ఏళ్లు చెవులతో మాత్రమే విన్న కూత ఇప్పుడు నా కాలి కింద ఉంది. నేను నొక్కితే పాడుతోంది, వదిలితే గునుస్తోంది. ఊరు దాటాక చెరుకు తోటలు మొదలయ్యాయి. ట్రాక్టర్ మీద నుంచి చూస్తే చెరుకు ఒక పంట. ఈ సీట్లో నుంచి చూస్తే అది అడవి. రెండువైపులా పచ్చటి గోడలు, మధ్యలో రోడ్డు, పైన నూలుపోగంత ఆకాశం. "మామా, ఇంకొంచెం నొక్కనా?" అన్నాను. "నొక్కు బిడ్డా" అన్నాడు. నొక్కాను. బంతిపూలు రేకులు రేకులుగా ఊడి అద్దానికి తగిలి వెనక్కి ఎగిరిపోయాయి. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతో వచ్చే ఏడుపు ఇలా ఉంటుందా అనుకున్నాను. ఉద్యోగం సంగతి, బాపు సంగతి, నా పేరేమిటో కూడా ఆ క్షణంలో గుర్తులేదు.

దారిలో ఒక పల్లె వచ్చింది. పల్లె ముందు ఊరివాళ్లు సొంతంగా పోసుకున్న స్పీడ్ బ్రేకర్ ఒకటి ఉంది, గట్టులాంటిది. మామ దిగి యథాప్రకారం మొక్కు తీర్చుకున్నాడు; వేలాడుతున్న దండ అడ్డొచ్చి, వేళ్లు పట్టే సందు తప్ప ఆయనకు ఇంకేమీ కనపడలేదు. ఏటవాలుగా దాటించాను. దాటాక కింద "టప్" మని ఏదో రాలిన చప్పుడైంది. రాయేదో అనుకున్నాం. పల్లె దాటి మళ్లీ చెరుకులోకి వచ్చామో లేదో, నా ఎదురుగా ఎర్రటి దీపం వెలిగింది. నూనె కుప్పె ఆకారంలో ఉండే దీపం.

"మామా, ఆయిల్ దీపం."

"పట్టించుకోకు బిడ్డా. పాత కారు, ఇండ్ల ఏదో ఒకటి ఎల్గుతనే ఉంటది. మొన్న తలుపు తీసి ఉన్నదని రెండు రోజులు ఎల్గింది, తలుపు పెట్టే ఉండె. నువ్వు పోనియ్యి, ఊరు గంతే దూరం."

ఊరు నిజంగానే గంతే దూరం. నాకు కావలసిందల్లా ఆ దూరమే. ఊళ్లోకి ఆ కూతతో వెళ్లి జమ్మి ముందు ఆగితే చాలు, బాపు "చూద్దాం" లోని మూసిన సగం తలుపు తెరుచుకుంటుంది. కాని ఆ దీపం ఆరలేదు. ఆయిల్ లేని ఇంజన్ తనను తానే కొరుక్కుని తింటుందని చదువుకున్న మాట నిజంగా చెవిలో వినపడినట్టయింది. పాదం పైకి తీశాను. తాళంచెవి వెనక్కి తిప్పేశాను. కూత ఆగిపోయింది.

కారు వెంటనే ఆగలేదు. చప్పుడు లేకుండా, నిద్రలో నడిచినట్టు, చెరుకు ఆకుల గలగల మధ్య నుంచి కొంతదూరం జారుకుంటూ పోయి రోడ్డు పక్కన నిలిచింది. మామ తెల్లటి కొత్త బట్టలతో రోడ్డు మీద బోర్లా పడుకుని మూతి కిందికి చూశాడు. వెనక మేము వచ్చిన దారి పొడుగునా నల్లటి గీత ఒకటి మెరుస్తోంది.

"కొబ్బరి!" అన్నాడు మామ కింద నుంచి.

"ఏందీ?"

"కూలర్ల కొబ్బరి ముక్కున్నది బిడ్డా!"

నేనూ వంగి చూశాను. బిరడాలా బిగుసుకున్న చిప్ప ఆ గట్టు దగ్గరే రాలిపోయినట్టుంది, రేకుల గూడు చీలిపోయి ఉంది. చీలికలో తెల్లటి కొబ్బరి ముక్క, దాని చుట్టూ నల్లగా కారుతున్న ఆయిల్, అచ్చం పోపు మాడిన కొబ్బరి పచ్చడిలా ఉంది. మామ రోడ్డు మీదే కూర్చుండిపోయి నవ్వాలో ఏడవాలో తెలియక నా ముఖం చూశాడు. నేను మాత్రం కారు వెనక్కి వెళ్లి, వాళ్లెవరికీ కనపడకుండా, ఓణీ కొంగుతో కళ్లు ఒత్తుకున్నాను. ఊరి దాకా సక్కగా తెస్తేనే అన్నారు బాపు. ఇక "చూద్దాం" అని కూడా అనరు.

అంతలో ట్రాక్టర్ టకటకలు వినపడ్డాయి. అది తీరిగ్గా వచ్చి పందెపు కారు పక్కన ఆగింది. బాపు దిగారు. నల్లటి గీతను చూశారు. చేతులు నడుముకు పెట్టుకుని, అవస్థపడి వంగి, కూలర్‌నూ కొబ్బరి ముక్కనూ చూశారు. లేచి ట్రాలీలో ఉన్న పెద్దమ్మ వైపు చూశారు.

"నా దిక్కు చూస్తవేంది మరిదీ?" అంది పెద్దమ్మ వెంటనే. "నా కొబ్బరికాయ లేకుంటె ఇంకెంత అయితుండెనో! దిష్టంత పోయి గా డబ్బకు తగిలింది. మనుషులకు తగలలే. సంతోషపడు."

మా అత్త చాలాకాలం తరువాత ఆ రోజే మనస్ఫూర్తిగా నవ్వింది. (గోడ లేదు కాబట్టి నేరుగా మామ ముఖం మీదే నవ్వింది.)

బాపు నవ్వలేదు. "ఇంజన్ ఎవరు బందు చేసిన్రు?" అని అడిగారు.

"నీ బిడ్డనే బావా. నేను పోనియ్యమనే అన్న" అన్నాడు మామ.

"పోనిస్తె ఏమైతుండె బిడ్డా?"

"ఇంజన్ పట్టేస్తుండె బాపూ. ఇంక అది లేవకపోతుండె."

బాపు ట్రాలీలో నుంచి చెరుకు లోడు కట్టే మోకు తీసి, ఒక కొసను ట్రాలీ వెనక కొండికీ, ఒక కొసను కారుకూ ముడేశారు. మామ బట్టలు దులుపుకుంటూ, "నేను పట్టుకుంట స్టీరింగు, పొల్ల ట్రాలీల కూసుంటది" అన్నాడు. బాపు తల కూడా ఎత్తకుండా ముడి బిగిస్తూ, "నువ్వు గాదు. ఊరి దాక తెస్తనన్నది బిడ్డ. బిడ్డనే తేనియ్యి" అన్నారు. తరువాత నా దగ్గరికి వచ్చి, కిటికీ దాకా వంగి (ఆ రోజుకు రెండోసారి!), "తాడు సడలనియ్యకు. సడలితె గుంజుతది, గుంజితె తెగుతది. బ్రేకు మీద కాలు మెత్తగ పెట్టుకో" అన్నారు.

ఇంజన్ ఆగిన కారులో బ్రేకు బండరాయిలా ఉంటుంది, స్టీరింగ్ తిరగలిలా ఉంటుంది. ముందు ట్రాలీ. నా కళ్ల ఎత్తులో ట్రాలీ అంచు మీద నుంచి వేలాడుతున్న పెద్దమ్మ పాదాలు, వాటికి మట్టెలు, పొద్దున రాసుకున్న పసుపు. ఆమె వెనక్కి తిరిగి కూర్చుని తాడుకు కాపలా కాస్తోంది. "గట్టిగనే ఉన్నది!", "జర సడలుతున్నది పొల్లా!", "ఆఁ, ఇప్పుడు మంచిగున్నది!" అని అరుస్తోంది. ట్రాక్టర్ కదిలింది. తాడు బిగిసింది. నేను కాలితో తాడు మాట వినడం మొదలుపెట్టాను. ట్రాక్టర్ మెల్లగైతే నేనూ మెల్లగ, అది సాగితే నేనూ సాగి. కాసేపటికి పెద్దమ్మ అరవడం మానేసింది. ఆమె పాదాలు తీరిగ్గా ఊగడం మొదలుపెట్టాయి. అది చూసి నా చేతులు కూడా నెమ్మదించాయి.

అప్పుడు నాకు ఆ కారు అసలు అందం తెలిసింది. కూత లేదు, వేగం లేదు. టైర్లు మట్టిని నలిపే చప్పుడు వినపడుతోంది. చెరుకు ఆకులు ఒకదాన్నొకటి రాసుకునే చప్పుడు, ఎక్కడో మోటారు నీళ్లు పడే చప్పుడు, ట్రాలీలో అమ్మ ఎవరితోనో ఏదో చెప్పి నవ్వడం, అన్నీ వినపడుతున్నాయి. పక్కనున్న అల్లం చేల పచ్చి వాసన కిటికీలో నుంచి నేరుగా ముఖానికే వస్తోంది. నేలకు అంత దగ్గరగా కూర్చుని నేను నా ఊరి దారిని ఎన్నడూ చూడలేదు. గట్టు మీది గడ్డి పరకలు నా భుజం ఎత్తున పోతున్నాయి. మామ నా పక్క సీటును వెనక్కి వాల్చుకుని, గొంతు తగ్గించి, "ఇంత నిమ్మళంగ పోతదని నాకు ఎరికనే లేదు బిడ్డా" అన్నాడు. కొన్నది ఆయన, కాని ఆ కారును ఆయన కూడా అదే మొదటిసారి చూస్తున్నాడనిపించింది.

దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచిదని మా నమ్మకం. ట్రాలీలో అందరూ దాని కోసమే అటూ ఇటూ మెడలు తిప్పుతున్నారని తరువాత చెప్పారు. వాళ్లు పైనుంచి చెరుకు మీదికి చూస్తున్నారు. నేను కింద నుంచి పైకి చూస్తున్నాను. ఆ సీట్లో కూర్చుంటే అద్దం నిండా ఆకాశమే కదా. కరెంటు తీగ మీద నుంచి అది లేచింది. రెక్కలు విప్పగానే నీలం, లోపల ఇంకో నీలం. ఒక్క క్షణం అద్దం పొడవునా ఎగిరి చెరుకులోకి దిగిపోయింది. నేను అరవలేదు. అరిస్తే కాలు కదిలి తాడు సడలుతుందని భయం. మామను చూశాను. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆ ఏడు మా ఇంట్లో పాలపిట్టను చూసింది నేనొక్కదాన్నే.

ఊరి బయట జమ్మి చెట్టు దగ్గరికి మేం చేరేసరికి పొద్దు వాలుతోంది. జనమంతా అక్కడే ఉన్నారు. దండ వేసుకున్న విదేశీ కారును ట్రాక్టర్ వెనక కట్టుకుని రావడం చూసి, ఊరివాళ్లు అది కూడా పూజలో భాగమేననుకున్నారు. "పండుగ పూట ఇంజన్‌కు సెలవిచ్చిన్రు గావచ్చు" అన్నాడొకాయన. నేను దిగాను. (అంటే పైకెక్కాను.) ఓణీకి ఆయిల్ మరక, అరచేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. పూజైంది. అందరూ జమ్మి ఆకులు తెంపుకుని, బంగారమని ఒకరికొకరు పంచుకుంటూ కౌగిలించుకుంటున్నారు. నేను నాలుగు ఆకులు బాపు చేతిలో పెట్టి కాళ్లకు మొక్కాను. తల ఎత్తే ధైర్యం లేదు.

బాపు నా తల మీద చెయ్యి పెట్టారు.

"గీ నడుము ఉన్నది సూడు," అన్నారు, "ఎనుక ఏది కట్టినా నాకు గీన్నే తెలుస్తది. చెరుకు లోడైనా, ఇంకేదైనా. పల్లె కాడికెళ్లి గీడి దాక ఒక్క కుదుపు రాలే బిడ్డా. ఎనుక ఏదో ఉన్నదని కూడ నాకు యాదికి లేకపోయె."

నేను తల ఎత్తాను.

"పండుగైనంక పో, కొలువుల చేరు" అని, నేను ఇచ్చిన జమ్మిలో నుంచే రెండు ఆకులు తీసి నా అరచేతిలో పెట్టి వేళ్లు మూశారు. ఆ ఆకులు అరచేతి మంటకు చల్లగా తగిలాయి.

కారును తరువాత లారీ ఎక్కించి హైదరాబాద్ పంపారు. కొత్త కూలర్ వేయించి, దాని కింద ఇనప రేకు కూడా కట్టించాడు మామ. అయినా మా అత్త గోడతో మాట్లాడీ మాట్లాడీ చివరికి దాన్ని అమ్మించేసింది. చిల్లుపడిన పాత కూలర్‌ను మామ పారేయబోతే పెద్దమ్మ ఊరుకోలేదు. "ఇంటిల్లిపాది దిష్టిని అది మోసింది, పారేస్తవా?" అని దానికి బొట్టు పెట్టి, మా గేటు మీద గుమ్మడికాయ కట్టే చోట కట్టించింది. ఇప్పటికీ అక్కడే ఉంది. ఏటా దసరాకు బాపు ట్రాక్టర్‌తో పాటు దానికీ ఒక బంతిపూల దండ పడుతుంది. గాలికి రేకులు సన్నగా మోగుతుంటాయి. గాలి కోసమే పుట్టిన వస్తువు కదా, ఇన్నాళ్లకు దానికి బాపు చెప్పినట్టు పైన గాలి దొరికింది.

ఇప్పుడు నేను ఆ వర్క్‌షాపులోనే కొత్తగా చేరినవాళ్లకు బండ్లు నడిపి చూడడం నేర్పుతున్నాను. రోజంతా ఎత్తైన సీట్ల మీదే నా బతుకు. చెరుకు మీదుగా అవతలి ఊళ్లన్నీ కనిపిస్తాయి. పోయిన దసరాకు ఊరికి పోతూ, ఆ పల్లె దాటాక చెరుకు మధ్యలో బండి ఆపి దిగాను. అటూ ఇటూ చూసి ఎవరూ లేరని నిర్ధారించుకుని (నడివయసు ఆడమనిషిని, చీరలో ఉన్నాను, ఊళ్లో అందరూ మేడం అంటారు), రోడ్డు పక్కన గట్టు మీద కూర్చుని, ఆ సీటు ఎత్తుకు వచ్చేదాకా వెనక్కి వాలి ఆకాశం వైపు చూశాను. చెరుకు మళ్లీ అడవైంది. ఆకాశం మళ్లీ నూలుపోగైంది. నా కుడికాలు నాకు తెలియకుండానే లేని బ్రేకు మీద మెత్తగా ఆనుకుంది. సైకిల్ మీద పోతున్న ఒక పెద్దాయన ఆగి, "ఏమైంది బిడ్డా, పానం బాగలేదా? దవాఖానకు తీస్కపోవాల్నా?" అని కంగారుగా అడిగాడు.

"ఏం లేదు తాతా, పాలపిట్ట కోసం చూస్తున్న" అన్నాను.

"గట్ల పండుకుంటె కనపడ్తదా?"

"ఒకసారి కనపడ్డది" అన్నాను. ఆయన నన్నొకసారి, ఆకాశాన్నొకసారి చూసి, సైకిల్‌కు స్టాండు వేసి, వచ్చి నా పక్కనే గట్టు మీద కూర్చున్నాడు.